ఎడారి ఊళ్ళో బాన్సువాడ నాటు

కొంచెం జరగండి. ఆ తునికాకు గంప పక్కకు నెట్టి, ఇదిగో, ఇటు నీడలోకి వచ్చి కూర్చోండి. దూరం కూర్చుంటే నేను గొంతు పెంచాలి, గొంతు పెంచితే వాడకట్టంతా వచ్చి తలా ఒక ముక్క కలుపుతుంది, చివరికి ఇందులో నాదెంతో వాళ్ళదెంతో నాకే తెలియకుండా పోతుంది. చేతుల పని చేతులు చేసుకుంటాయి. చెవులు మాత్రం ఇటివ్వండి.

నేను బాన్సువాడ నుంచి నిజామాబాద్ పెద్ద దవాఖాన దాకా పోయినదాన్ని. అంతకు మించి నా కాలు కదలలేదు. కానీ దుబాయ్‌కి అవతల, సముద్రం ఒడ్డున, ఇసుకలో లేచిన ఊరొకటి ఉంది. ఆ ఊళ్ళో ఏ చౌరస్తాలో ఎటు తిరిగితే ఏ హోటల్ వస్తుందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఆ ఊరు పుట్టక ముందు నుంచీ మా ఆయన అక్కడే ఉన్నాడు మరి. అతను అక్కడ ఏ గోడ లేపినా మా ఇంటి అరుగు మీద కూడా లేపినట్టే లెక్క.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మా అత్త అడిగింది, “ఊరెట్లున్నదిరా?” అని.

“ఊరేడిదమ్మా, ఇంకా లేదు. ఇసుక, సముద్రం, తీగ కంచె. ఒక్క బోర్డు మాత్రం పాతిండ్రు. దాని మీద ఊరి బొమ్మ గీసిండ్రు.”

“బోర్డు పాతితె ఊరు మొలుస్తదా? మన రోడ్డు పొంటి ఎన్ని బోర్డులు లేవు? తెల్ల రాళ్ళు పాతి ప్లాట్లన్నరు. గా రాళ్ళ మీద కుక్కలు కూసుంటున్నయ్.”

మా ఆయన పెట్టె విప్పి సామాను తీయడం మొదలుపెట్టాడు. తల్లితో వాదానికి దిగి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

రెండోసారి వచ్చినప్పుడు రోడ్లు పడ్డాయన్నాడు. నాలుగు బండ్లు పక్కపక్కన పోయేంత రోడ్డు, మధ్యలో దీపాల స్తంభాలు, పొద్దుగూకగానే అన్నీ వెలుగుతాయట. ఆ వెలుతురులో నడిచే మనిషి మాత్రం లేడట. “మరి ఎవల కోసం వెలుగుతున్నయ్‌రా?” అంటే, “వచ్చేటోళ్ళ కోసం” అన్నాడు. మా అత్త ఆ మాట వాడంతా చెప్పింది. పెండ్లికొడుకు కుదరక ముందే పందిరి వేసే ఊరట అని.

మూడోసారికి హోటళ్ళు లేచాయి. సముద్రం పక్కనే ఉండగా, మళ్ళీ ఈత కొట్టడానికి నీలం గచ్చు వేసి చెరువులు కట్టారట. ఈత చెట్లంత పొడుగు ఖర్జూరం చెట్లు లారీల మీద పడుకుని వచ్చి, దిగి, గుంతలో నిలబడ్డాయట. ఒక్క దినంలో తోపు అయిపోయిందట. ఇదంతా వింటూ మేము ఐదారుగురు ఆడవాళ్ళం అరుగు మీద బీడీలు చుట్టేవాళ్ళం. పక్కింటి ఖాలా కూడా తన చాట తెచ్చుకుని మాలో కూర్చునేది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మా గోడకు ఆవలి వైపు ఉన్నది ఆమె. తెలుగు మాతో సమానంగా మాట్లాడేది, కోపమొస్తే మాత్రం దక్కనీ ఉర్దూలోకి దిగేది.

తర్వాత చేతికి మంచి ఫోన్లు వచ్చాయి. ఇక సెలవు దాకా ఆగే పని లేదు, వీడియోలోనే ఊరు పెరగడం చూశాం. ఆ హోటళ్ళ ఇంగ్లీషు పేర్లు మా నోరు తిరగలేదు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. గోడ నిండా చిన్న చిన్న తూట్లున్నది జల్లెడ. ముందుకు వాలి వెడల్పుగా ఉన్నది చాట. అన్నిటికన్నా పొడుగ్గా, గుండ్రంగా, వడ్లు పోసే గుమ్మిలాగా లేచింది గుమ్మి. మా ఆయన ఆ పేర్లే తన గదిలోవాళ్ళకు చెప్పాడు. కొన్నాళ్ళకు బెంగాలీలు, నేపాలీలు కూడా “ఇయ్యాల డ్యూటీ ఏడ?” అంటే “గుమ్మి” అనడం మొదలుపెట్టారట. దాని యజమానికి ఈ సంగతి తెలిస్తే ఏమనేవాడో!

ఆ గుమ్మి కింది అంతస్తులోనే జూదం ఆడే జాగా వస్తుందని ఒకనాడు మా ఆయన చెప్పాడు. మా అత్త చేతిలో బీడీ ఆగిపోయింది.

“జూదమంటె? పత్తాలాటనా?”

“పత్తాలు, చక్రాలు, బిల్లలు, అన్నీ ఉంటయంట. సర్కారే ఆడుకోండ్రి అని కాగితం ఇచ్చిందంట.”

మా అత్తకు ఒక తమ్ముడున్నాడు. మామిడి తోటలో పత్తాలాడుతూ పోలీసులకు దొరికి, నలుగురితో కలిసి తల వంచుకుని నిలబడ్డ ఫోటో పేపర్లో పడ్డది. ఆ పేపరు మా బంధువులందరి ఇళ్ళలో ఉంది. ఆమె నిట్టూర్చింది. “నా తమ్ముడు తొందరపడి ఈడ పుట్టిండే పిల్లా. గాడ పుట్టుంటె గద్దె మీద కూసోబెట్టి చాయ్ పోస్తుండిరి.”

“గా మేడలన్నీ ఎవల పైసలతోని లేస్తయ్ అనుకుంటున్నవ్?” అంది ఖాలా. “నీ తమ్మునసుంటోళ్ళ పైసలతోనే!”

అరుగంతా నవ్వింది. ఫోన్లో మా ఆయన నవ్వలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మా ఆయనకు ఎత్తంటే భయం. ఇది అతని తల్లికి తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు మీకు తెలిసింది. మా మిద్దె మీద మిరపకాయలు ఎండబోయాలన్నా నేనే ఎక్కేదాన్ని. అతను నిచ్చెన పట్టుకుని, తాను పట్టుకోకపోతే నిచ్చెన పారిపోతుందన్నట్టు కింద నిలబడేవాడు. ఎడారికి పోయినా ఇన్నేళ్ళు నేల పనే దొరికింది. రోడ్డు అంచులకు రాళ్ళు పేర్చడం, కాలువలు తవ్వడం. గుమ్మి లేచేకొద్దీ ఈ నేల పనివాళ్ళను కూడా కంపెనీ పైకి పంపింది, స్లాబులకు చెక్కలు కొట్టే పని కోసం. ఇరవై అంతస్తుల మీద, ఇనుప జాలీ మీద నిలబడాలి.

“కింద చూడకు” అన్నాన్నేను.

“చూడకుంటె ఎట్లనే? కాలు పెట్టే జాగనే తూట్లు తూట్లున్నది. కాళ్ళ సందులకెల్లి సముద్రం కనబడుతుంది.”

అన్నం సయించడం లేదన్నాడు. నిద్రలో కూడా పడిపోతున్నట్టే ఉంటుందట. ఒకసారి పైన కళ్ళు తిరిగి ఇనుప కమ్మీని పట్టుకుని కూర్చుంటే, ఇద్దరు కలిసి వేళ్ళు విడిపించి దింపారట. ఆ మాట విన్నాక నాకూ అన్నం సయించలేదు. వచ్చెయ్యమని చెప్పాను. ఒప్పందం తీరకుండా ఎట్లా రావడం, కాగితాలు కంపెనీ దగ్గరున్నాయన్నాడు. ఆ వారమంతా మా అత్త బీడీలు వదులుగా చుట్టింది. కార్ఖానాలో సగం పక్కన పడేశారు.

అప్పుడు దేవుడు గడ్డి రూపంలో వచ్చాడు.

హోటల్ తెరిచే దినం దగ్గరపడింది. గుమ్మి ముందర ఎకరాలకు ఎకరాలు పచ్చగడ్డి ఉండాలి. గడ్డి పిలకలను చేత్తో నాటాలి. ఫోర్‌మన్ కూలీలందరినీ వరసలో నిలబెట్టి, “మీలో వరి నాటు తెలిసినవాడెవడు?” అని అడిగాడు. అతను పాకిస్తాన్ వైపు పెద్దాయన. గడ్డం నెరిసినా గొంతు నెరవలేదని మా ఆయన అనేవాడు. చాచా అని పిలిచేవాళ్ళు. ఆ ప్రశ్న అతని నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే మా ఆయన చెయ్యి పైకి లేచింది.

“మాది నిజాంసాగర్ కాలువ కింద ఊరు సాబ్. పుట్టిందే మడిల.”

అబద్ధమా అంటే అబద్ధం కాదు. నిజమా అంటే, ఎట్లా చెప్పను? మా దగ్గర మగవాళ్ళు దున్నుతారు, గట్లు చెక్కుతారు, నారు పీకి కట్టలు కడతారు, ఆ కట్టలను మడి నిండా సమంగా విసురుతారు. అక్కడికి వాళ్ళ పని అయిపోయింది. ఇక గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు. నాటు వేసేది ఆడవాళ్ళం. వర్ని దిక్కు ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ పొలాలకు కూడా ఆటోల నిండా మేమే పోతాం. మా ఆయన వరి పొలంలో పుట్టాడే కానీ, జీవితంలో ఒక్క మొక్క కూడా నాటలేదు.

మరునాడు పొద్దున అతన్ని ఆ ఇసుక మడిలో దింపారు. అతను అందంగా గట్లు పెట్టాడట. గడ్డి పిలకలను పిడికెడు పిడికెడు కట్టలు కట్టాడట. ఆ కట్టలను గజానికొకటి చొప్పున, గీత గీసినట్టు విసిరాడట. ఫోర్‌మన్ చూసి “షాబాష్” కూడా అన్నాడట. ఆ తర్వాత మా ఆయన పోయి సిమెంటు అంచు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

కాసేపు ఇద్దరూ అట్లాగే నిలబడ్డారట.

“ఇప్పుడేంటి?” అన్నాడు ఫోర్‌మన్.

అప్పుడు కానీ మా ఆయనకు వెలగలేదు. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే గట్టెక్కాయి. అతను ఎదురుచూస్తున్నది మా కోసం. పాటలు పాడుకుంటూ ఆడకూలీలు వస్తారని ఎదురుచూస్తున్నాడు, ఆ ఎడారిలో!

“గడ్డి జర సేదదీరాలె సాబ్” అన్నాడట నోటికొచ్చింది.

ఫోర్‌మన్ ముసలివాడే కానీ అమాయకుడు కాదు. “నేను నమాజు చేసుకుని, అన్నం తిని వస్తాను. వచ్చేసరికి నా కళ్ళ ముందు నాటు సాగుతూ ఉండాలి. లేదంటే తిన్న తర్వాత నువ్వు లిఫ్టెక్కి పైకే” అని చెప్పి పోయాడు.

మాకిక్కడ మధ్యాహ్నం రెండు దాటింది. ఫోన్ మోగింది. మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టుంది.

“ఏమే, నాటు ఎట్లేస్తరే?”

“ఏంది?”

“నాటే! జల్ది చెప్పు. గంట కూడా లేదు.”

సంగతి విని ముందు నవ్వాం, అబద్ధం చెప్పను. ఖాలా అయితే పడీ పడీ నవ్వి కళ్ళు తుడుచుకుంది. నవ్వనిది మా అత్తే. చాట పక్కన పెట్టి లేచింది. ఎదురింటివాళ్ళు ఇల్లు కడుతూ మంజీర ఇసుక కుప్ప పోయించారు. చీర కుచ్చెళ్ళు పైకి చెక్కి, ఆమె తిన్నగా ఆ కుప్ప దగ్గరికి పోయింది. మోరీ కాలువ పక్కన గరిక పీక్కొచ్చింది. నేను నీళ్ళ బిందె తెచ్చాను. ఫోన్ ఖాలా పట్టుకుంది.

“సూడు కొడుకా. కట్ట ఎడమ చేతిల. బొటనేలుతోని మూడు పోసలు ఇడదియ్యి. నాలుగు వద్దు, మూడే. ఇగ కుచ్చు.”

అతను అక్కడ గుచ్చాడు. పడిపోయింది. మా అత్త ఇక్కడ గుచ్చింది. అదీ పడిపోయింది! ఆమె ముఖం చూడాలి. ఇన్నేళ్ళలో ఆమె చేతి నాటు పడిపోవడం మేమెవరం చూడలేదు. బురద అయితే వేలు తీయగానే తానే మూసుకుంటుంది. ఇసుకకు ఆ బుద్ధి లేదు. ఆమె ఇంకోటి గుచ్చింది, ఇంకోటి గుచ్చింది. అప్పుడు గుచ్చిన తర్వాత రెండు వేళ్ళ కణుపులతో ఇటూ అటూ నొక్కి సందు మూసింది. గరిక నిలబడింది.

“గట్ల! ఏలు తీసినంక ఇసుకను గిచ్చాలె. పసిపిల్ల బుగ్గ గిచ్చినట్టు, నొప్పి వెట్టకుంట.”

అతను గిచ్చాడు. అక్కడ కూడా నిలబడింది. అరుగు మీద వాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతలో అతను ముందుకు ఒక అడుగు వేసి, నాటినవన్నీ తొక్కాడు.

“ఎనుకకురా! ఎనుకకు!” అని అందరం ఒక్కసారి అరిచాం. “నాటేసేటోళ్ళు ముందుకు పోతరా ఏడనన్న?”

“నడుము వంచినంక ఎనుకకు ఎట్ల పోవుడే? పడిపోత!”

“ఇరవై అంతస్తుల మీదికెల్లి పడుడు కన్న నయమే గదా” అన్నాను. కొంచెం కఠినంగానే అన్నాను.

అడుగు కుదరాలంటే పాట కావాలి. మేము వరసగా వంగి ఆ ఇసుక కుప్ప చుట్టూ పాట ఎత్తుకున్నాం. “ఎనుకకే అడుగెయ్యి వలలో, ముంగటంత పచ్చగుండు వలలో.” అతను అక్కడ ఫోన్‌ను బకెట్‌కు ఆనించి, పాటకు తగ్గట్టు ఒక్కో అడుగు వెనక్కి వేశాడు. ఒక వరస అయింది. రెండో వరస కొంచెం వంకర పోయింది, కానీ అయింది. అతనితో పాటు ఉన్న నేపాలీ మనుషులిద్దరు కూడా పాటకు వంగారు. మాట తెలియకపోయినా “వలలో” దగ్గర గొంతు కలుపుతున్నారు.

నాలుగో వరసలో ఉండగా ఫోన్లో మా ఆయన వెనక రెండు బూట్లు కనిపించాయి. పెద్దవి, దుమ్ము పట్టినవి. వెనక్కి వెనక్కి వస్తున్న మా ఆయన పోయి ఆ బూట్లకే తగిలి ఆగాడు.

పాట ఆగిపోయింది.

ఫోర్‌మన్ వంగి బకెట్ దగ్గరున్న ఫోన్ తీసుకున్నాడు. మా వాడంతా అతనికి కనిపించి ఉంటుంది. చీరలు చెక్కుకుని, ఇసుక చేతులతో, ఆరుగురు ఆడవాళ్ళం. ఉర్దూలో ఏదో గట్టిగా అడిగాడు. ఖాలా ఫోన్ తన వైపు తిప్పుకుని, కొంగు తల మీదికి లాక్కుంది.

“సలామాలేకుం చాచా. కైకూ చిల్లాతే? హమారే ఇధర్ నాట్ ఔరతాఁచ్ డాల్తే. మర్దాఁ గట్టే పో ఖడే రైతే.” మా దగ్గర నాట్లు ఆడవాళ్ళే వేస్తారు, మగవాళ్ళు గట్టు మీద నిలబడతారు, ఎందుకట్లా అరుస్తావని.

అతని ఉర్దూ వేరు, ఆమె దక్కనీ వేరు. సగం అర్థమైనట్టుంది, సగం కాలేదు. అర్థమైన సగం చాలు. “అంటే వీడికి నాటు రాదన్నమాట” అన్నాడు. మా ఆయన తల వంచేశాడు. అచ్చం పేపర్లో మేనమామ నిలబడ్డట్టే.

అప్పుడు మా అత్త ఫోన్ దగ్గరికి వచ్చింది. “కొడుకా, ఆయన గట్టు మీదికొచ్చిండా లేదా?”

“వచ్చిండమ్మా.”

“మరి సూస్తవేంది? నారు అడ్డం వెట్టు.”

మీలో నాట్లకు పోయినవాళ్ళకు తెలుసు. నాటు వేసేటప్పుడు గట్టు మీదికి కొత్త మనిషి ఎవరొచ్చినా, ఆసామి అల్లుడొచ్చినా సరే, కాళ్ళ ముందు నారు కట్ట అడ్డం పెడతాం. ఇనాం ఇచ్చేదాకా దాన్ని దాటకూడదు. వర్నిలో ఒక ఆసామి మొదటిసారి చూసి ఏదో చేతబడి అనుకుని చెప్పులొదిలి పరుగెత్తాడు కూడా. కానీ అది మా పొలాల్లో మాట. ఆ ఎడారిలో, పని పోయే వేళ, ఆ మనిషి బూట్ల ముందు! అయినా తల్లి మాట. ఒక గడ్డి కట్ట తీసి ఆ బూట్లకు అడ్డంగా పెట్టాడు.

“ఇదేంటి?” అన్నాడు ఫోర్‌మన్.

ఖాలా ఆచారం చెప్పింది. అతను జేబులో చెయ్యి పెట్టబోయాడు.

“పైసలొద్దని చెప్పు” అంది మా అత్త. ఆమె ఆ మాట అంటుందని నేను అనుకోలేదు. “నా కొడుక్కు ఎత్తంటె భయమని చెప్పు. సిన్నప్పటికెల్లి ఉన్నది. సిగ్గుకు చెప్పుకోడు. ఆని కాళ్ళు కిందనే ఉండనియ్యమను. గదే ఇనాం.”

ఖాలా ఆ మాట మెల్లగా, తన దక్కనీని కూడా కొంచెం సాపు చేసుకుని చెప్పింది. ఫోర్‌మన్ మా ఆయన వైపు చూశాడు. గుమ్మి పైకి చూశాడు. నాటిన నాలుగు వరసలు చూశాడు.

“ఈ గడ్డి బతుకుతుందా?” అని అడిగాడు.

“మూడొద్దులు తల వాలుస్తది, నాలుగో నాడు లేస్తది” అంది మా అత్త. “లేవకుంటె ఆనికి బదులు నన్ను ఎక్కియ్యి పైకి. నాకు భయం లేదు.”

ఖాలా అది చెప్పేసరికి అతను నవ్వాడు. ఆ నవ్వు ఎన్నేళ్ళుగానో వాడనిదిలా గరగరలాడింది. నాలుగో దినం చూద్దామన్నాడు. గడ్డి కట్టను మాత్రం దాటలేదు. చుట్టూ తిరిగి పోయాడు.

ఆ మూడు దినాల్లో ఎదురింటి ఇసుక కుప్ప మీద గరిక తల వాల్చి పసుపెక్కింది. ఆ ఇంటి మేస్త్రీ ఇసుక తవ్వడానికి పార తెస్తే మా అత్త తిట్టి పంపింది. మూడో నాడు సాయంత్రం మా ఆయన ఫోన్లో గడ్డి చూపించాడు. అదీ పసుపే. “అయిపోయిందే” అన్నాడు. అత్త ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, “మొదలు సూడురా, కొసలు కాదు” అంది.

నాలుగో నాడు మేము ఇంకా వాకిలి ఊడవకముందే ఫోన్ వచ్చింది. మొదట్లో సూది మొనంత పచ్చదనం. ఫోర్‌మన్ మోకాళ్ళ మీద కూర్చుని వేలితో కదిలించి చూస్తున్నాడు. లేచి మా ఆయన చేతికి పది మంది మనుషులను అప్పగించాడు. నాలుగు దేశాలవాళ్ళు, అందరూ మగవాళ్ళే, ఒక్కడికీ నాటు రాదు. వాళ్ళను వరసగా వంచి, మా ఆయన గట్టు మీద నిలబడి పాట ఎత్తుకున్నాడు. అది చూసి ఖాలా, “సూడు, ఎంతైన మనోడే, మల్ల గట్టెక్కిండు!” అంది. అతను సిగ్గుపడి వెంటనే మడిలోకి దిగాడు.

పోయిన నెల ఆ హోటల్ తెరిచారు. దీపాలు, నీళ్ళు ఎగజిమ్మే ఫౌంటెన్లు, కార్లలోంచి దిగే మనుషులు. లోపల ఎవరు గెలిచారో ఎవరు ఓడారో మాకు తెలియదు, అడగలేదు. మా ఆయన ఫోన్ కిందికి తిప్పి చూపించాడు. చెప్పులు లేని రెండు కాళ్ళు, వేళ్ళ సందుల్లో తడి గడ్డి. మా అత్త ఆ కాళ్ళనే చాలాసేపు చూసింది. “సన్నవడ్డయ్‌రా” అంది. ఆ రోజు ఆమె చుట్టిన బీడీలు ఒక్కటి కూడా పక్కన పెట్టలేదు కార్ఖానావాళ్ళు.

ఇంతసేపు విన్నారు, మీ చెవులు చల్లగుండ. మీ ఇంటివాళ్ళు ఏ దేశంలో ఉన్నా వాళ్ళ అరికాళ్ళ కింద గట్టి నేల ఉండాలి, వాళ్ళు నాటింది నాలుగో నాటికి లేవాలి, మీ పొయ్యి మీద అన్నం మనిషికి సరిపోయి, వచ్చిన మనిషికి మిగలాలి.